పది మందిలో ఆ ఒక్కరు ఎవరు? గర్భాశయ క్యాన్సర్‌కు మిథైలేషన్ పరీక్ష

నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటిన స్త్రీకి మళ్లీ రక్తం కనిపించిందంటే వైద్యులు దాన్ని తేలిగ్గా తీసుకోరు. ఒక్క చుక్కే కావచ్చు, ఒక్కసారే కావచ్చు. గర్భాశయపు లోపలి పొర అయిన ఎండోమెట్రియంలో పుట్టే క్యాన్సర్‌కు అది తొలి ఆనవాలయ్యే అవకాశం ఉంది. 2018లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష ఈ విషయంలో రెండు అంకెలు తేల్చింది. నెలసరి ఆగాక ఈ క్యాన్సర్ బారిన పడిన వారిలో సుమారు 90 శాతం మందికి రక్తస్రావం కనిపించింది. రక్తస్రావంతో ఆసుపత్రికి వచ్చిన వారిలో మాత్రం క్యాన్సర్ తేలినది సుమారు 9 శాతం మందికే. మిగిలిన వారికి హార్మోన్లు తగ్గి పొర పలచబడటమో, పాలిప్ అనే చిన్న కండ పెరగటమో, వాడుతున్న హార్మోను మాత్రలో కారణమవుతాయి.

కాబట్టి ఈ జబ్బులో హెచ్చరికకు కొరత లేదు. గంట మోగుతూనే ఉంటుంది. అయితే పది సార్లు మోగితే తొమ్మిది సార్లు ఇంట్లో దొంగ ఉండడు. ఆ పదోసారి ఏదో తెలుసుకోవడానికి ఇప్పుడున్న దారి ప్రతిసారీ ఇల్లంతా వెతకడమే. డీఎన్ఏ మీద పడే రసాయన గుర్తులను చదివే మిథైలేషన్ పరీక్షల గురించి వచ్చే వార్తలన్నీ ‘క్యాన్సర్‌ను ముందే పట్టేస్తుంది’ అంటూ మొదలవుతాయి. నిజానికి ఈ పరీక్ష చేయగల పెద్ద మేలు అది కాదు. క్యాన్సర్ లేని తొమ్మిది మందిని నొప్పి లేకుండా, భయం లేకుండా ఇంటికి పంపగలగడమే దాని అసలు విలువ.

ఇప్పటి పద్ధతి ఎలా సాగుతుందో చూస్తే ఈ మాట ఎందుకో అర్థమవుతుంది. మొదట యోని మార్గంలో అల్ట్రాసౌండ్ స్కాన్ చేసి లోపొర మందం కొలుస్తారు. 4 మిల్లీమీటర్లు, కొన్ని చోట్ల 5 మిల్లీమీటర్లు దాటితే బయాప్సీకి పంపుతారు. సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని గర్భాశయ ముఖద్వారం గుండా లోపలికి పోనిచ్చి, పొరలోంచి కొంచెం కణజాలం పీల్చి తీస్తారు. కొందరు దాన్ని ఓర్చుకోగలరు, కొందరికి అది కళ్లు తిరిగేంత నొప్పి. వయసుతో ముఖద్వారం కుంచించుకుపోయిన స్త్రీలకు ఒక్కోసారి గొట్టం లోపలికే వెళ్లదు. వెళ్లినా, పలచబడిన పొర నుంచి వచ్చిన ముక్క పరీక్షకు చాలకపోవచ్చు. అప్పుడు కెమెరాతో లోపల చూసే హిస్టరోస్కోపీ, అవసరమైతే మత్తుమందు. ఇంత తతంగం తరువాత చాలామందికి దక్కే సమాధానం ఒక్కటే: ఏమీ లేదు.

స్కాన్ మీద ఇంకో అభ్యంతరం కూడా ఉంది. మందం అనేది క్యాన్సర్‌కు నీడ మాత్రమే, క్యాన్సర్ కాదు. ఈస్ట్రోజెన్ అనే హార్మోను ప్రభావంతో పెరిగే సాధారణ రకం క్యాన్సర్ పొరను మందం చేస్తుంది. సీరస్ రకం వంటి ఉగ్రమైన క్యాన్సర్లు పలచని పొరలోనూ పుడతాయి. ఫైబ్రాయిడ్లు అనే క్యాన్సర్ కాని గడ్డలు ఉన్న గర్భాశయంలో పొర అంచులే సరిగా కనిపించవు. అమెరికాలో నల్లజాతి స్త్రీలపై జరిగి 2024లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎండోమెట్రియల్ క్యాన్సర్ ఉన్న వారిలో 11 శాతానికి పైగా స్కాన్‌లో 5 మిల్లీమీటర్ల లోపే తేలారు. కొలబద్దను నమ్మి బయాప్సీ మానేసి ఉంటే వాళ్లందరి జబ్బూ దాటిపోయేదే. అదే దేశంలో ఈ క్యాన్సర్‌తో నల్లజాతి స్త్రీలు తెల్లజాతి స్త్రీల కంటే ఎక్కువగా మరణిస్తున్నారన్నది చాలాకాలంగా తెలిసిన విషయం.

మరి ముఖద్వారం దగ్గరి కణాలను తీసి మైక్రోస్కోపుతో చూసే పాప్ స్మియర్ ఉంది కదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. ఇక్కడ చరిత్రలో ఒక తమాషా ఉంది. జార్జ్ పాపనికొలావ్, హెర్బర్ట్ ట్రౌట్ 1943లో తమ పరీక్షను వివరిస్తూ తెచ్చిన గ్రంథం పేరులో ఉన్నది ముఖద్వార క్యాన్సర్ కాదు, గర్భాశయ క్యాన్సర్. ఆచరణలో ఆ పరీక్ష ముఖద్వార క్యాన్సర్‌కే ఆయుధమైంది. ఎండోమెట్రియల్ క్యాన్సర్ ఉన్నవారి స్మియర్లలో సగానికి తక్కువ మాత్రమే అనుమానాస్పదంగా కనిపిస్తాయి. లోపలి నుంచి కిందికి జారే కణాలు కొన్నే, వచ్చినవీ దారిలో చెదిరి ఆకారం కోల్పోతాయి. ఆకారం చూసి పోల్చుకునే మైక్రోస్కోపుకు శిథిలమైన కణం పనికిరాదు. అయితే కణం పగిలినా దానిలోని డీఎన్ఏ ముక్కలు కొంతకాలం నిలుస్తాయి. గర్భాశయానికి సహజంగానే ఒక కాలువ ఉంది. లోపొర రాల్చినదంతా ముఖద్వారం దాటి యోనిలోకి చేరుతుంది. అక్కడ దొరికే డీఎన్ఏను చదవగలిగితే లోపలికి వెళ్లనక్కరలేదన్నదే ఈ పరీక్షల వెనుక ఉన్న ఆలోచన.

చదవడమంటే ఏం చదవాలి? మొదట అందరి కళ్లూ ఉత్పరివర్తనాల మీద పడ్డాయి. అక్షరాలు తారుమారైన జన్యువులు దొరికితే క్యాన్సర్ దొరికినట్టే కదా అని. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2018లో ప్రకటించిన పాప్‌సీక్ పరీక్ష ఈ బాటలోనిదే. 18 జన్యువుల్లో ఉత్పరివర్తనాలతో పాటు క్రోమోజోముల సంఖ్యలో తేడాలనూ వెతికి, ముఖద్వారం దగ్గర బ్రష్‌తో తీసిన నమూనాల్లో 81 శాతం ఎండోమెట్రియల్ క్యాన్సర్లను అది గుర్తించింది. ఆ తరువాత ఒక చిక్కు బయటపడింది. 2020లో, ఏ జబ్బూ లేని ఎండోమెట్రియంలోని గ్రంథులను విడివిడిగా పరీక్షిస్తే, క్యాన్సర్‌ను నడిపించే ఉత్పరివర్తనాలు చాలా వాటిలో అప్పటికే ఉన్నట్టు తేలింది. కొన్నింటిలో అవి చిన్న వయసులోనే వచ్చి చేరాయి. అంటే ఈ పొరలో ఉత్పరివర్తనం కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అనడానికి లేదు. పైగా ఒక్కొక్కరిలో ఒక్కో జన్యువులో, ఒక్కో చోట తప్పు ఉంటుంది కాబట్టి వెతకాల్సిన స్థలం కూడా ఎక్కువే.

మిథైలేషన్ కథ వేరు. డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో సైటోసిన్ ఒకటి. దాని పక్కనే గ్వానిన్ ఉన్న చోట్ల కణం సైటోసిన్‌కు మిథైల్ అనే చిన్న రసాయన తోక తగిలిస్తుంది. అక్షరం మారదు, అక్షరం మీద గుర్తు పడుతుంది. జన్యువు మొదలయ్యే ప్రాంతంలో ఇలాంటి గుర్తులు గుంపుగా పడితే ఆ జన్యువు మూగబోతుంది. ఆరోగ్యవంతమైన కణం ఏ జన్యువు పలకాలో, ఏది ఊరుకోవాలో నిర్ణయించుకోవడానికి వాడే మామూలు పద్ధతే ఇది. క్యాన్సర్ దారి పట్టిన కణం దీన్నే దుర్వినియోగం చేసి, పెరుగుదలకు అడ్డుపడే జన్యువుల నోరు మూయిస్తుంది. పరీక్ష తయారుచేసే వారికి కలిసొచ్చే సంగతేమిటంటే, ఈ గుర్తులు చాలామంది రోగుల్లో దాదాపు ఒకే చోట్ల పడతాయి. అందువల్ల రెండు మూడు జన్యువులను చూస్తే సరిపోతుంది.

హ్యాండ్2 అనే జన్యువు దీనికి మంచి ఉదాహరణ. ఎండోమెట్రియం పెరగడానికి ఈస్ట్రోజెన్ తోడ్పడుతుంది, ఆ పెరుగుదలకు ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోను పగ్గం వేస్తుంది. ఆ పగ్గం పనిచేయాలంటే హ్యాండ్2 ఉండాలి. లండన్ కేంద్రంగా సాగి 2013లో వెలువడిన పరిశోధన, 90 శాతానికి పైగా ఎండోమెట్రియల్ క్యాన్సర్లలో ఈ జన్యువు మిథైలేషన్‌తో మూతపడి ఉందని చూపింది. గర్భాశయంలో ఈ జన్యువు లేకుండా చేసిన ఎలుకలకు వయసు పెరిగేకొద్దీ పొరలో క్యాన్సర్‌కు ముందు దశ లాంటి మార్పులు వచ్చాయి. స్థూలకాయం ఈ క్యాన్సర్‌కు ఎందుకంత పెద్ద కారణమో దీని పక్కన పెట్టి చూడవచ్చు. నెలసరి ఆగాక అండాశయాలు విశ్రమించినా కొవ్వు కణజాలం ఈస్ట్రోజెన్ తయారుచేస్తూనే ఉంటుంది, ప్రొజెస్టిరాన్ మాత్రం ఉండదు. ఒకవైపు తోసే చెయ్యి ఆగదు, మరోవైపు పగ్గం తెగిపోయింది. ఇక్కడ మిథైలేషన్ జబ్బు వదిలివెళ్లిన ముద్ర మాత్రమే కాదు, జబ్బు పుట్టుకలో అదీ ఒక పాత్రధారే కావచ్చు. మిథైలేషన్ గుర్తులన్నీ ఇలాంటివే అనుకోకూడదు. చాలా గుర్తులకు అలాంటి పాత్ర ఉన్నట్టు రుజువు లేదు. పరీక్షకు అవి పనికొస్తే చాలు.

ప్రయోగశాలలో జరిగే పని వినడానికి విచిత్రంగా ఉన్నా సూత్రం సులువే. డీఎన్ఏను బైసల్ఫైట్ అనే రసాయనంతో కలిపితే, గుర్తు లేని సైటోసిన్లు వేరే అక్షరంగా మారిపోతాయి. గుర్తు ఉన్నవి చెక్కుచెదరవు. ఆ తరువాత కోవిడ్ కాలంలో అందరికీ పరిచయమైన పీసీఆర్ యంత్రంతో, మారని ముక్కలను మాత్రమే లెక్కించవచ్చు. బైసల్ఫైట్ దెబ్బకు డీఎన్ఏలో కొంత భాగం ముక్కలై పాడవుతుంది. అసలే తక్కువ దొరికే నమూనాలో అదొక నష్టం.

నమూనా తీసే చోటును బట్టి పరీక్ష తీరు మారుతుంది. ముఖద్వారం దగ్గర బ్రష్‌తో తీసేది, యోనిలో స్వాబ్‌తో స్త్రీ తానే తీసుకునేది, యోనిలో పెట్టుకునే దూది చుట్ట అయిన టాంపాన్‌లో పీల్చినది, చివరికి మూత్రం. అమెరికాలోని మేయో క్లినిక్ బృందం 2015లోనే టాంపాన్ నుంచి సేకరించిన డీఎన్ఏలో ఈ గుర్తులు పట్టవచ్చని చూపింది. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు మూత్రం, స్వయంగా తీసుకున్న స్వాబ్, ముఖద్వారపు నమూనా మూడింటిలోనూ అవి దొరుకుతాయని నిరూపించారు. ఈ పరీక్షలన్నిటికీ ‘శరీరంలోకి ఏదీ చొప్పించనివి’ అని ప్రచారం జరుగుతోంది. ఆ మాట పూర్తిగా చెల్లేది మూత్రానికే. యోనిని తెరిచి ఉంచే స్పెక్యులమ్ పెట్టి బ్రష్ తిప్పడాన్ని అలా పిలవడం, అది చేయించుకోని వారికి మాత్రమే సాధ్యమైన ఉదారత. గొట్టం గర్భాశయంలోకి వెళ్లే బయాప్సీతో పోలిస్తే మాత్రం ఇవన్నీ ఎంతో సులువైనవే.

ఇక ఫలితాల సంగతి. తైవాన్ పరిశోధకులు 2017లో బీహెచ్ఎల్‌హెచ్ఈ22, సీడీఓ1, సీఈఎల్ఎఫ్4 అనే మూడు జన్యువులతో ముఖద్వారపు నమూనాల్లోనే ఈ క్యాన్సర్‌ను గుర్తించవచ్చని చూపారు. వాటిలో చివరి రెండింటి మీద ఆ తరువాత చైనాలో విస్తృతంగా పరిశోధన జరిగింది. యూరప్‌లో జెడ్ఎస్‌క్యాన్12, జీవైపీసీ జన్యువుల్లోని ప్రాంతాలను కొలిచే విడ్-క్యూఈసీ అనే పరీక్ష ముందుకొచ్చింది. మొదట్లో వచ్చిన అధ్యయనాల్లో చాలా వాటికి ఒక లోపం ఉంటుంది. అటు క్యాన్సర్ ఖాయంగా తెలిసిన వారు, ఇటు పూర్తి ఆరోగ్యవంతులు. రెండు కొసల మధ్య తేడా ఏ పరీక్షకైనా సులువుగానే తెలుస్తుంది. అసలు పరీక్ష మధ్యలో ఉన్నవారి దగ్గర. రక్తస్రావంతో వచ్చి, జబ్బు ఉందో లేదో ఎవరికీ తెలియనివారి దగ్గర.

2023లో లాన్సెట్ ఆంకాలజీ అనే వైద్య పత్రికలో వెలువడిన ఎపి-ష్యూర్ అధ్యయనం సరిగ్గా ఆ పని చేసింది. లండన్‌లో అసాధారణ రక్తస్రావంతో ఆసుపత్రికి వచ్చిన 45 ఏళ్లు దాటిన స్త్రీలకు స్కాన్‌తో పాటు విడ్-క్యూఈసీ పరీక్ష కూడా చేశారు. క్యాన్సర్ ఉన్నవారిలో 90.9 శాతాన్ని పరీక్ష పట్టింది, లేనివారిలో 92.1 శాతం మందికి లేదని సరిగ్గా తేల్చింది. స్కాన్ కంటే మెరుగ్గానే వేరు చేసింది. అంకెలు చూస్తే మనసు పొంగుతుంది. ఆ 90.9 శాతం వెనకాల ఉన్నది మాత్రం 11 మందిలో 10 మంది. ఇంకొక్కరు తప్పిపోయి ఉంటే అది 82 శాతానికి పడిపోయేది. పరిశోధకులే ప్రకటించిన నమ్మక పరిధి, అంటే అసలు విలువ ఉండగల హద్దులు, 62 నుంచి 98 శాతం దాకా సాగింది. క్యాన్సర్ లేని వారు వందల్లో ఉన్నారు కాబట్టి 92 శాతం అంకె గట్టిది. 91 శాతం అంకె ఇంకా పచ్చిదే. పత్రికల్లో రెండూ ఒకే బరువుతో అచ్చయ్యాయి.

ఈ అంకెలనే తీసుకుని ఒక లెక్క వేసి చూద్దాం. నెలసరి ఆగాక రక్తస్రావంతో వెయ్యి మంది వచ్చారనుకుంటే, వారిలో క్యాన్సర్ ఉన్నవారు సుమారు 90 మంది. మిథైలేషన్ పరీక్ష 90 శాతాన్ని పడితే 81 మంది దొరుకుతారు, 9 మంది తప్పిపోతారు. క్యాన్సర్ లేని 910 మందిలో 8 శాతం, అంటే 73 మందికి అనవసరంగా పాజిటివ్ వస్తుంది. మొత్తం బయాప్సీలు 154. ఇప్పుడు స్కాన్ లెక్క. 1998 నాటి ప్రసిద్ధ విశ్లేషణ ప్రకారం 5 మిల్లీమీటర్ల గీత దగ్గర స్కాన్ 96 శాతం క్యాన్సర్లను అనుమానిస్తుంది, క్యాన్సర్ లేని వారిలో 39 శాతాన్ని కూడా అనుమానిస్తుంది. ఆ చొప్పున 86 మంది దొరుకుతారు, నలుగురు తప్పిపోతారు, 355 మంది అనవసరంగా బయాప్సీకి వెళతారు. మొత్తం 441.

ఇవి వేర్వేరు అధ్యయనాల అంకెలు, కాగితం మీది పోలిక. స్కాన్ ఊరికే అనుమానించిన ఆ 355 మందిలో పాలిప్ వంటి చికిత్స చేయదగ్గ సమస్యలున్న వారూ ఉంటారు. అయినా బేరం ఏమిటో ఈ లెక్క స్పష్టంగా చూపుతుంది. దాదాపు మూడు వందల బయాప్సీలు తప్పుతాయి. బదులుగా, ఈ అంకెలే నిజమైతే, మరో ఐదుగురి జబ్బు మొదటి వడపోతలో దాటిపోతుంది. ఆ ఐదుగురి కోసం ఆ మూడు వందల మంది నొప్పి భరించాలా అన్నది గణితం తేల్చే విషయం కాదు. నెగెటివ్ వచ్చిన 846 మందిలో 9 మందికి జబ్బు ఉంది, అంటే వంద మందిలో ఒకరికి. ఇంత భరోసా చాలునని ఒక స్త్రీ అనుకోవచ్చు, ఇంకొకరు అనుకోకపోవచ్చు. నెగెటివ్ ఫలితంతో ఇంటికి వెళ్లిన స్త్రీకి రక్తస్రావం మళ్లీ కనిపిస్తే ఆ పాత కాగితాన్ని పక్కనపెట్టి పూర్తి పరీక్షలు చేయాలన్న నియమం గట్టిగా ఉంటేనే ఈ బేరం కుదురుతుంది.

ఇదే పరీక్షను లక్షణాలేవీ లేని స్త్రీలందరికీ చేయాలన్న ఉత్సాహం కూడా కనిపిస్తోంది. లెక్క అక్కడ తలకిందులవుతుంది. పదివేల మందిలో పది మందికి క్యాన్సర్ ఉందనుకుందాం. అదే పరీక్ష తొమ్మిది మందిని పడుతుంది, దాదాపు 800 మందికి తప్పుడు పాజిటివ్ ఇస్తుంది. తొమ్మిది మంది కోసం ఎనిమిది వందల మంది గర్భాశయాల్లోకి గొట్టాలు పంపాలి. పైగా ఈ క్యాన్సర్ ఎక్కువమందిలో గర్భాశయం దాటకముందే బయటపడుతోంది, ఎందుకంటే అది రక్తంతో తన ఉనికిని తానే చాటుకుంటుంది. ఆ దశలో దొరికితే ఐదేళ్ల తరువాత బతికి ఉండేవారు సుమారు 95 శాతం. దూరపు అవయవాలకు పాకాక అది 20 శాతం దగ్గరకు పడిపోతుంది. 2022లో ప్రపంచమంతటా సుమారు 4.2 లక్షల మందికి ఈ క్యాన్సర్ వచ్చిందని, సుమారు 98 వేల మంది దీనితో మరణించారని అంచనా. ఆ మరణాల్లో పెద్ద వాటా ఆలస్యంగా దొరికినవి, ఉగ్ర రకాలవి. రక్తం కనిపించినా సిగ్గుతోనో భయంతోనో నెలల తరబడి చెప్పుకోని స్త్రీకి ప్రయోగశాలలోని ఏ జన్యువూ సాయపడదు. తానే ఇంట్లో నమూనా తీసుకుని పంపగల పరీక్ష అయితే ఆమె మొదటి అడుగు వేయడం కొంత తేలిక కావచ్చు. స్వాబ్, మూత్రం పరీక్షల మీద ఆశ పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి కారణం కనిపించదు.

అందరికీ కాకపోయినా కొన్ని గుంపులకు మాత్రం లక్షణాలు లేకున్నా ఇది ఉపయోగపడేలా ఉంది. రొమ్ము క్యాన్సర్ తరువాత టామోక్సిఫెన్ అనే మందు వాడేవారి ఎండోమెట్రియం మందు వల్లనే మందంగా కనిపిస్తుంది, వారి విషయంలో స్కాన్ కొలత దాదాపు నిరర్థకం. మిథైలేషన్‌కు మందంతో పని లేదు. వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పు పెంచే లించ్ సిండ్రోమ్ ఉన్న కుటుంబాల స్త్రీలలో కొందరికి జీవితకాలంలో ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం 40 శాతానికి పైనే. అందుకే 30 ఏళ్లు దాటాక ఏటా లేదా రెండేళ్లకోసారి బయాప్సీ చేయించుకోమని చాలామందికి సలహా ఇస్తారు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మామూలు ఎండోమెట్రియల్ క్యాన్సర్లలో కొన్నింటిలో డీఎన్ఏ తప్పులు దిద్దే ఎంఎల్‌హెచ్1 జన్యువు మిథైలేషన్ వల్ల మూగబోతుంది. లించ్ కుటుంబాల్లో అదే జన్యువు, లేదా దాని తోటి జన్యువు, పుట్టుకతోనే చెడిపోయి ఉంటుంది. దాన్ని మూయించాల్సిన అవసరం క్యాన్సర్‌కు ఉండదు. కాబట్టి ఎంఎల్‌హెచ్1 గుర్తు మీద ఆధారపడిన పరీక్ష, అత్యంత అవసరమైన వారి దగ్గరే చేతులెత్తేయవచ్చు. వేరే జన్యువులను చూసే పరీక్షలను వారి మీద విడిగా నిరూపించాలి.

ముందు దశ మార్పుల విషయంలోనూ తొందరపడకూడదు. కణాలు వికారంగా మారిన హైపర్‌ప్లేసియా దశలోనే పట్టుకోగలిగితే ‘ముందే’ అన్న మాటకు నిజమైన అర్థం వస్తుంది. ఆ దశలో మిథైలేషన్ గుర్తులు క్యాన్సర్‌లో ఉన్నంత బలంగా ఉండవు, రాలే డీఎన్ఏ కూడా తక్కువే. వయసుతో పాటు ఆరోగ్యవంతమైన కణాల మీద కూడా కొన్ని గుర్తులు పేరుకుంటాయి. పాజిటివ్ అనడానికి పెట్టిన గీతను కిందికి దించితే వయసు పైబడ్డ వారంతా పాజిటివ్ అవుతారు, పైకి జరిపితే ముందు దశ మార్పులు జారిపోతాయి.

అన్నిటికంటే కష్టమైన సందర్భం ఇంకొకటి ఉంది. పరీక్ష పాజిటివ్ వచ్చింది, బయాప్సీలో ఏమీ దొరకలేదు. తప్పు పరీక్షదా, లేక గొట్టం తాకని మూలలో ఏదైనా ఉందా? ఈ గుర్తుల్లో కొన్ని ముఖద్వార క్యాన్సర్‌లోనూ కనిపిస్తాయి కాబట్టి అక్కడా వెతకాలి. హిస్టరోస్కోపీ చేసి చూసినా శుభ్రంగా ఉంటే ఆ స్త్రీని ఆరు నెలలకు మళ్లీ పిలవాలా, ఏడాదికా, లేక ఆరోగ్యవంతురాలని చెప్పి పంపేయాలా? పై లెక్కలోని 73 మందిలో ప్రతి ఒక్కరూ ఈ గుమ్మం దగ్గరే ఆగుతారు. వారు ఎంతకాలం ఆ ఫలితాన్ని మోసుకుంటూ తిరగాలో తేలాలంటే అలాంటి వారిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు కావాలి. కిట్ల తయారీ కంటే అవి నెమ్మదిగా సాగే పని.